పీజీఅడ్మిన్ 4 రివ్యూ: కళ్ల ముందున్న టేబుల్‌ను లేదంటుందేమిటి?

నమస్కారం, ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి రివ్యూకు పీజీఅడ్మిన్ 4 తీసుకున్నాను, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను మౌస్‌తో నడిపించుకునే సాఫ్ట్‌వేర్ ఇది. ఇన్‌స్టాల్ చేయడం, రంగులు మార్చడం మీరే చూసుకోగలరు. నేను పెట్టే పరీక్ష ఒక్కటే: యూజర్‌కు టేబుల్ అందనప్పుడు కారణం పట్టిస్తుందా?

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ స్టాకు లెక్కలు పోస్ట్‌గ్రెస్‌లో పెట్టాను. యార్డు గుమస్తాకు వేరే లాగిన్ తెరిచి, హక్కులు పంచే గ్రాంట్ విజార్డులో టేబుళ్లన్నిటికీ టిక్కు పెట్టి, సెలెక్ట్ అంటే చదివే హక్కు ఇచ్చి ఇంటికి వచ్చేశాను. తెల్లవారగానే ఫోను. "అన్నా, స్లాబ్స్ టేబులే లేదంటోంది. ఎడమ పక్కన చూస్తే కనిపిస్తోంది. ఏది నమ్మమంటారు?"

స్క్రీన్ చూడండి, అదే లాగిన్. ఎడమ పక్కన స్టాకు స్కీమా (టేబుళ్లు పెట్టుకునే బీరువా లాంటిది), దాని కింద స్లాబ్స్. క్వెరీ నడిపితే ఆ పేరుతో రిలేషనే, అంటే టేబులే, లేదంటోంది. ఉత్త టేబుల్ పేరు రాస్తే ఏ స్కీమాల్లో వెతకాలో చెప్పే సర్చ్ పాత్‌లో స్టాకు ఉంది, నేనే పెట్టాను. ఇప్పుడు పేరు ముందు స్టాకు అని రాసి, చుక్క పెట్టి నడుపుతాను. మాట మారింది చూశారా? స్కీమాకు అనుమతి లేదట!

లోపలికి వెళ్లనిచ్చే యూసేజ్ హక్కు లేని స్కీమా సర్చ్ పాత్‌లో ఉన్నా పోస్ట్‌గ్రెస్ దానిలోకి తొంగి చూడదు, దాటేసి పోతుంది. అందుకే మొదట "లేదు" అంది. ఎడమ పక్క జాబితా మాత్రం డేటాబేస్ తన టేబుళ్ల వివరాలు రాసుకునే సిస్టమ్ కేటలాగు నుంచి వస్తుంది, దాన్ని అందరూ చదవచ్చు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ అలవాటున్నవారు ఇక్కడే తికమకపడతారు, అక్కడ హక్కు లేని టేబుల్ జాబితాలోకే రాదు.

గ్రాంట్ విజార్డు టేబుళ్లు, వ్యూలు, ఫంక్షన్లు చూసుకుంటుంది కానీ స్కీమా జోలికి పోదు. దాన్ని తప్పుపట్టను, తాళం తీయకుండా బీరువా అప్పగించింది నేను. పైగా పరీక్షించింది నా సూపర్‌యూజర్ లాగిన్‌తో! దానికి హక్కుల తనిఖీయే ఉండదు. సెట్ రోల్ అని గుమస్తా రోల్‌లోకి మారి ఒక్క క్వెరీ నడిపి ఉంటే సరిపోయేది.

కారణం వెతకడానికి నా ఓటు ఆదేశాలు టైప్ చేసి నడిపే పీఎస్‌క్యూఎల్‌కే. బ్యాక్‌స్లాష్ డీఎన్ ప్లస్ కొడితే స్కీమా హక్కులు ఒక్క వరుసలో వస్తాయి. గుమస్తా పేరు పక్కన యూసేజ్‌కు గుర్తుగా యూ అక్షరం ఉండాలి, అసలు పేరే లేదు. సరిదిద్దడానికి మాత్రం పీజీఅడ్మిన్ హాయి: స్కీమా ప్రాపర్టీస్, సెక్యూరిటీ, యూసేజ్, సేవ్. అయిపోయింది.

అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత లోడింగ్ లెక్కలకు కొత్త టేబుల్ చేస్తే మళ్లీ ఫోను, ఈసారి టేబుల్‌కు అనుమతి లేదని. విజార్డు ఇచ్చే హక్కు ఆ రోజుకు ఉన్న టేబుళ్లకే. రాబోయేవాటికి అదే ప్రాపర్టీస్‌లో డిఫాల్ట్ ప్రివిలేజెస్ నింపాలి, అదీ టేబుళ్లు సృష్టించే లాగిన్‌తోనే. వేరే లాగిన్‌తో నింపి, గుమస్తా నుంచి మూడో ఫోను కూడా అందుకున్నాను.