ఆదివారం పొద్దున, నల్ల సైకిళ్ళు, సుంకేసుల దారి

శ్రోతలందరికీ నమస్కారం, బాగున్నారా. ఈ పూట పాత సైకిళ్ళ గురించి మాట్లాడదామని వచ్చినా, ముఖ్యంగా ఆదివారం పొద్దున్నే పది పదిహేను మందిమి కలిసి ఆ పాత సైకిళ్ళు తొక్కుకుంటా ఊరు దాటి పోయొచ్చే సంగతి. దారిలో చానామంది మమ్మల్ని ఆపి అడుగుతుంటారు, బండ్లుండాయి, కార్లుండాయి, కొత్త గేర్ సైకిళ్ళు కూడా వచ్చినాయి, మీరెందుకప్పా ఈ ఇనుప సామాను తొక్కుకుంటా పోతాండారు అని. రోడ్డు మీద నిలబడి దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం, అందుకే ఇక్కడ తీరిగ్గా చెప్తా.

మీ ఇంట్లో కూడా ఒకటి ఉండే ఉంటాది. మెట్ల కిందనో, మిద్దె మీద రేకుల కిందనో, నాయన తొక్కిందో తాత తొక్కిందో ఒక నల్ల సైకిలు గోడకు ఆనించి ఉంటాది, దాని మీద గోనెసంచులు, పాత ఫ్యాను రెక్కలు, పిల్లోళ్ళ విరిగిన బొమ్మలు. అమ్మడానికి మనసొప్పదు, తొక్కడానికి టైరులో గాలుండదు. అట్ల ఏండ్లు నిలబడిపోయిన సైకిలుకు ఏమైతాదంటే, నేలకు ఆనిన చోట టైరు పగుళ్ళు పోతాది, చక్రం నడిమి హబ్బులో గ్రీజు ఎండిపోయి లోపలి ఇనుప గుండ్లు పట్టేస్తాయి, సీటు తోలు ఎండి వంకర పోతాది. ఎవరో ఒకరు ఉత్సాహంగా బయటికి తీస్తారు, ఏదో ఒక చిన్న సామాను దొరకదు, మళ్ళీ మెట్ల కిందికే పోతాది. నా నమ్మకం ఏందంటే పాత సైకిలు ఒంటరిగా బతకదు, గుంపులో ఉంటేనే బతుకుతాది. ఒకరి దగ్గర లేని కాటర్ పిన్ను, అదే పెడల్ కడ్డీని యాక్సిల్‌కు బిగించే చీల, ఇంకొకరి డబ్బాలో ఉంటాది, ఒకరికి రాని పని ఇంకొకరికి వస్తాది, అన్నిటికన్నా ముఖ్యంగా ఆదివారం అందరూ ఎదురు చూస్తుంటారు కాబట్టి శనివారం సాయంత్రం దానికి గాలి కొట్టాల్సిందే.

ఈ సైకిలు రూపం ఈ రోజుది కాదు. చైనుతో వెనక చక్రం తిరిగే రోవర్ సైకిల్ని ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చినాడు, 1888లో డన్లప్ సైకిలుకు పనికొచ్చే గాలి టైరు తెచ్చినాడు, ఆ రెండూ కలిసినాకే సైకిలు మామూలు మనిషి వాహనం అయింది. ర్యాలీ నాటింగ్‌హామ్‌ది, బి.ఎస్.ఎ., హెర్క్యులిస్ బర్మింగ్‌హామ్‌వి, అవన్నీ ఓడల్లో మన దేశానికి దిగేవి. స్వాతంత్ర్యం వచ్చినాక మద్రాసు పక్కన అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్ మొదలై హెర్క్యులిస్ ఇక్కడే తయారవడం మొదలైంది, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో, అటు బెంగాల్లో అసన్సోల్ దగ్గర సేన్ ర్యాలీ. హీరో అయితే 1986లో ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అట్లాస్ వాళ్ళు సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసింది 2020 జూన్ 3న, ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం, ఆ వార్త చదివి మా గుంపులో అట్లాస్ తొక్కేవాళ్ళు నిజంగా బాధపడినారు, ఆ వారం వాళ్ళే ముందు నడిచినారు.

మా గుంపులో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు ఉన్నారు, అందరం పెద్దసారు అంటాం. ఆయన సైకిలు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అది ర్యాలీ, హ్యాండిల్ కింద ముందు పక్క కొంగ తల బిళ్ళ ఉంటాది, ర్యాలీ గుర్తు అదే. ఆయన నాయన మద్రాసులో కొన్న సైకిలు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మన కర్నూలు రాజధాని అయినప్పుడు మద్రాసు నుంచి గవర్నమెంటు ఉద్యోగులు ఇక్కడికి వచ్చినారు కదా, ఊర్లో బిల్డింగులు చాలక డేరాలు వేసి ఆఫీసులు నడిపినారు, ఆ వచ్చిన గుమస్తాల్లో ఆయన నాయన ఒకడు, సైకిల్ని రైల్లో వేసుకుని వచ్చినాడంట. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు పోయింది, పెద్దసారు నాయన మాత్రం ఈడే ఇంకో ఉద్యోగం చూసుకుని ఉండిపోయినాడు, సైకిలు కూడా ఆయనతోనే ఉండిపోయింది.

తర్వాత 2009 అక్టోబర్ 2 వరద. కర్నూలోళ్ళకు ఆ తేదీ చెప్తే చాలు, తుంగభద్ర, హంద్రి రెండూ ఊరి మీదికి వచ్చిన రోజు. పాతబస్తీలో పెద్దసారు ఇంటి కింది పోర్షను మొత్తం మునిగింది, నీళ్ళు తీసినాక చూస్తే సైకిలు సగం దాకా ఒండ్రులో కూరుకుపోయి ఉంది. బయటికి లాగి కడిగినారు గానీ హబ్బు లోపలికి పోయిన మట్టి లోపలే గట్టిపడిపోయింది, ఇంక తిరగదనుకుని పక్కన పెట్టేసినారు. మేము గుంపుగా తిరగడం మొదలుపెట్టినాక ఒక రోజు ఆయన్ని బలవంతం చేసి ఆ సైకిల్ని మెకానిక్ భాయ్ దగ్గరికి మోసుకొచ్చినాం, నిజంగా మోసుకొచ్చినాం, వెనక చక్రం తిరిగితే కదా నడిపించేది.

వెనక ఉండేది స్టర్మీ ఆర్చర్ అనే ఇంగ్లండు కంపెనీ చేసిన మూడు గేర్ల హబ్బు. గేర్లన్నీ ఆ డబ్బా లోపలే ఉంటాయి, బయటికి ఒక సన్నటి గొలుసు మాత్రం వచ్చి వైరుకు తగులుకుంటాది. లోపల నడుమ ఒక పళ్ళ చక్రం కదలకుండా ఉంటాది, దాని చుట్టూ నాలుగు చిన్న పళ్ళ చక్రాలు తిరుగుతాయి, గొలుసు లాగే కొద్దీ గేరు మారతాది. రెండో గేరులో హబ్బు మన తొక్కుడుకు సమానంగా తిరుగుతాది, మొదటి గేరులో నాలుగో వంతు తగ్గుతాది, మూడో గేరులో మూడో వంతు పెరుగుతాది. ఎంత అందమైన ఆలోచనో చూడండి, ఎండా వానా దుమ్మూ ఏదీ గేర్లకు తగలదు, అప్పుడప్పుడూ హబ్బు మీదుండే చిన్న మూత తీసి నాలుగు చుక్కలు పల్చటి ఆయిలు పోస్తే ఏండ్లకేండ్లు పోతాది.

"ఏం భాయ్, తిరుగుతాదా?" అని పెద్దసారే అడిగినారు. "తిరుగుతాది సార్, డీజిల్లో రెండు రాత్రులు నాననీయండి, తొందరపడి కొట్టినామంటే లోపల పళ్ళు పోతాయి" అన్నాడు భాయ్. నానినాక ఒక్కొక్క ముక్కా విప్పి వార్తాపత్రిక పరిచి విప్పిన వరసలోనే పెట్టుకుంటా పోయినాడు, ఎర్రటి ఒండ్రు పుల్లతో గీకి తీసినాడు, వెంట్రుక మాదిరి సన్నగుండే స్ప్రింగులు తుప్పుపట్టి ఉంటే వాటికోసం గుంపులో ఒకతను వేరే పాత హబ్బు విప్పి ఇచ్చినాడు. హబ్బు పైన జిడ్డు గుడ్డతో తుడుస్తుంటే ఏ డబ్ల్యూ అని ఇంగ్లీషు అక్షరాలు, అది ఆ హబ్బు మోడల్ పేరు, దాని పక్కన 51 అని అంకె తేలింది. ఆ అంకె హబ్బు తయారైన సంవత్సరం, స్టర్మీ హబ్బుల మీద అట్ల కొట్టి ఉంటాది. పెద్దసారు ఆ అంకె మీద వేలు పెట్టి "మా నాయన 52లో కొన్నాడు నాయనా, పుస్తకంలో రాసి పెట్టినాడు" అన్నారు. చక్రం బిగించి తిప్పితే లోపల్నుంచి టిక్ టిక్ టిక్ అని శబ్దం, ఆ శబ్దం విని షాపు ముందు టీ తాగేవాళ్ళు కూడా లేచి వచ్చినారు.

సరే, ఇట్లాంటి సైకిళ్ళతో గుంపుగా పోవడం అంటే దానికి కొన్ని పద్ధతులుండాయి. అన్నిటికన్నా నిదానంగా పోయే సైకిల్ని ముందు పెడతాం, కొత్త గేర్ సైకిళ్ళ పిల్లోళ్ళు వెనకుంటారు. నల్ల సైకిలుకు మామూలుగా ముందు చైను చక్రానికి 44 పళ్ళు, వెనక దానికి 18 పళ్ళు ఉంటాయి, ఒక చుట్టు తొక్కితే అయిదు మీటర్ల పైన పోతాది, నిమిషానికి అరవై చుట్లు తొక్కినా గంటకు 20 కిలోమీటర్లు దాటదు. సైకిలే 20 కిలోల పైన బరువుంటాది, ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ. మేము గంటకు 14, 15 దగ్గర పెట్టుకుంటాం, ఆ వేగంలో పక్కనోడితో మాట్లాడుకుంటా పోవచ్చు, పొలంలో ఏమేసినారో చూసుకుంటా పోవచ్చు. స్పీడు మీద ఆశ ఉండే కుర్రోళ్ళకు మొదట్లో కాళ్ళు కట్టేసినట్టుంటాది, రెండు మూడు వారాలు పోతే వాళ్ళే ముందుకొచ్చి పెద్దోళ్ళ పక్కన తొక్కుతారు.

బ్రేకుల సంగతి మాత్రం గట్టిగా చెప్తాం. కడ్డీ బ్రేకు ఎట్ల పనిచేస్తాదంటే, మీరు నొక్కితే కడ్డీ పైకి లాగుతాది, రబ్బరు కట్టెలు రిమ్ముకు లోపలి వైపు నుంచి పట్టుకుంటాయి. పొడిగా ఉన్నప్పుడు పర్వాలేదు, రిమ్ము తడిసిందంటే ఇనుము మీద రబ్బరు జారుతాది, నొక్కినాక చానా దూరం పోయి గానీ ఆగదు. అందుకే సైకిలుకూ సైకిలుకూ మధ్య కనీసం మూడు సైకిళ్ళ దూరం వదలాలి, ముందోడు ఆగేటప్పుడు చెయ్యి కిందికి ఊపి కేక వెయ్యాలి. మూడు గేర్ల హబ్బు ఉన్నోళ్ళకు ఇంకో మాట, గేరు వైరు సరిగ్గా బిగించకపోతే రెండుకూ మూడుకూ మధ్య పెడల్ ఊరికే తిరిగిపోతాది, ఆ టైములో లేచి నిలబడి తొక్కుతుంటే మనిషి పడిపోతాడు. బయల్దేరే ముందు ఆ వైరు చూసుకోకుండా ఎవర్నీ కదలనివ్వం.

మేము ఎక్కువగా పోయేది కె.సి. కెనాల్, అంటే కర్నూలు కడప కాలువ వెంబడి సుంకేసుల వైపు. 1863 నుంచి 1870 మధ్యలో తవ్విన కాలువ అది, సాగునీళ్ళకే కాదు పడవలు తిరగడానికి కూడా తవ్వినారు, సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా పోతాది, మన ఊర్లో హంద్రి నదిని అక్విడక్టు మీద, అంటే కాలువ నీళ్ళు పోయే వంతెన మీద దాటుతాది. చలికాలం పొద్దున కాలువలో నీళ్ళు పారుతుంటే పక్కన తొక్కుకుంటా పోవడం ఉందే, ఆ హాయి అనుభవిస్తే గానీ తెలియదు. కట్ట మీద మట్టిదారిలో కొత్త సన్న టైర్ల సైకిళ్ళు తడబడతాయి గానీ నల్ల సైకిలు లావు టైరుతో, సీటు కింద స్ప్రింగులతో నిమ్మళంగా పోతాది, ఈ దారుల కోసమే కదా దాన్ని చేసింది. ఇటలీలో ఎరోయికా అని 1997 నుంచి ఒక సైకిల్ యాత్ర జరుగుతోంది, 1987కు ముందు తయారైన సైకిళ్ళతోనే రావాలి, అది మొదలుపెట్టిందే టస్కనీలో తెల్లటి కంకర దారులు తారు కింద పోకుండా కాపాడుకోవడానికి. మన కాలువ కట్టల గురించి కూడా అట్ల పట్టించుకునేవాళ్ళుంటే బాగుండు అనిపిస్తాది నాకు. మా దగ్గర అయితే సంవత్సరం లెక్క లేదు, ఒక అక్క 80ల నాటి లేడీస్ సైకిలుతో వస్తుంది, వెనక చక్రానికి చీర పడకుండా వల కూడా అట్లే ఉంది దానికి.

ఇబ్బందల్లా ముళ్ళతోనే. కంపచెట్లు, పల్లేరుకాయలు, పంచరు కాని ఆదివారం ఉండదు. చైన్ కవరు మొత్తం మూసి ఉండే సైకిలుకు వెనక చక్రం ఊడదీయడం పెద్ద పని, అందుకని చక్రం తియ్యకుండానే టైరు ఒక పక్క విప్పి ట్యూబు బయటికి లాగి, బుడగ వచ్చే చోటు పట్టుకుని, ఉప్పు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది కాస్త ఆరినాకనే ప్యాచీ వేస్తాం. ఆరకముందే వేస్తే నిలవదు. ఒకరు పంచరు వేస్తుంటే మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని మాటల్లో పడతారు, ఒక్కరే పోయి ఉంటే అదే పంచరు ఎంత చిరాకు. తర్వాత దారిలో ఏదో ఒక ఊర్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ఆకు ప్లేటులో వేడివేడిగా, బొరుగుల మీద పప్పుల పొడి ఎక్కువ వేయించుకుని తినడం, ఇది లేకుండా మాత్రం వెనక్కి రాం.

సామాన్ల సంగతి చెప్పి ముగిస్తా. మనకు పెద్ద అదృష్టం ఏందంటే 28 అంగుళాల, ఒకటిన్నర లావు టైరు, బ్రేకు కట్టెలు, వాల్‌ట్యూబు మన బజార్లో ఇప్పటికీ దొరుకుతాయి, ఎందుకంటే పాలోళ్ళు, చిన్న వ్యాపారాలోళ్ళు ఇంకా ఆ సైకిళ్ళ మీదే బతుకుతాండారు. పాత ఇంగ్లండు ర్యాలీకి మాత్రం జాగ్రత్త, దాని పెడల్ యాక్సిల్‌ను రెండు పక్కలా పట్టుకునే కప్పుల మరచుట్లు అంగుళానికి 26, మిగతా సైకిళ్ళది 24, మామూలు కప్పు బలవంతంగా బిగిస్తే ఫ్రేములో మర పోతాది. తొక్కేటప్పుడు ప్రతి చుట్టుకూ టక్కు టక్కుమంటే కాటర్ పిన్ను అరిగినట్టు, కొత్తది ఆకురాయితో రుద్ది సరిపెట్టి రెండు పక్కలా ఎదురెదురుగా వెయ్యాలి, లేకపోతే రెండు పెడళ్ళూ ఒక వరసలో ఉండవు. పాత రంగు, పాత గీతలు ఉంటే దయచేసి పెయింటు కొట్టించొద్దు, ఆయిలు గుడ్డతో తుడిచి అట్లే ఉంచండి.

ఈ ఆదివారం పొద్దున అయిదున్నరకు కొండారెడ్డి బురుజు దగ్గర ఉంటాం. గాలి లేకపోయినా, బ్రేకు కట్టెలు లేకపోయినా తోసుకుని రండి, పంపు, స్పానర్లు మా దగ్గరుంటాయి, ఆ రోజుకు పని కాకపోతే క్యారియర్ మీద కూర్చుని రావచ్చు, వచ్చే వారానికి మీ సైకిలు సిద్ధం చేద్దాం. నమస్కారం.