సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మైకు నా చేతికిచ్చారు, కునుకొస్తే తప్పు నాది కాదు.

మన విజయవాడలోనో వరంగల్‌లోనో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు చేసే ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ న్యూజెర్సీలో అర్థం వేరు, సొంతంగా లేవలేని, స్నానం చేయలేని పెద్దవాళ్ళు నెలల తరబడి ఉండే చోటు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక మా అమ్మని అలాంటి చోట ఏడు వారాలు ఉంచాం. "అమ్మని హోమ్‌లో పడేశావా" అని ఇండియా నుంచి వచ్చిన ఫోన్ల సంగతి ఇప్పుడొద్దులెండి.

చేర్చిన రోజు నా ముందు ఓ కాగితాల కట్ట పెట్టారు. ఒకచోట "రెస్పాన్సిబుల్ పార్టీ" అని ఉంది. కొడుకుని కదా, బాధ్యత నాది కాక ఇంకెవరిది అనుకుని గబగబా సంతకం చేసేశాను. అమ్మని చేర్చుకోవాలంటే నా సొంత డబ్బుతో బిల్లు కడతానని హామీ ఇవ్వాలనడానికి వాళ్ళకి హక్కే లేదని, 1987 నాటి ఫెడరల్ చట్టమే, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టమే, అది కుదరదందని తర్వాతెప్పుడో తెలిసింది. అమ్మ డబ్బు మీద మనకి అధికారం ఉంటే, ఆ డబ్బులోంచి కడతానని మాత్రం రాయించుకోవచ్చు. అదే కట్టలో ఇంకో కాగితం ఉంటుంది, గొడవొస్తే కోర్టుకెళ్ళను, ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే వస్తానని. దాని మీద సంతకం పెట్టకపోయినా చేర్చుకోవాల్సిందే, పెట్టేసినా 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు.

ఫెడరల్ చట్టం పునాది, దాని మీద ఏ రాష్ట్రం కట్టిన గోడ దానిది. లైసెన్సు ఇచ్చేదీ, చెప్పకుండా వచ్చి తనిఖీ చేసేదీ రాష్ట్రమే. న్యూజెర్సీకైతే ఫెడరల్ చట్టం కంటే ముందే, 1976లోనే, హోముల్లో ఉండేవాళ్ళ హక్కుల చట్టం ఉంది. అయినా ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది, 2020 ఏప్రిల్‌లో ఆండోవర్‌లో ఒక హోమ్‌లోని చిన్న మార్చురీలో 17 మృతదేహాలు దొరికాయి. కోవిడ్‌లో అంత నష్టం జరిగాక గానీ పగటి షిఫ్టులో ఎనిమిది మందికి ఒక నర్స్ ఎయిడ్, అంటే లేవడానికీ స్నానానికీ సాయం చేసే మనిషి, ఉండాలని, సాయంత్రం పది మందికి, రాత్రి పద్నాలుగు మందికి ఒకరైనా ఉండాలని రాష్ట్రం రూలు పెట్టలేదు, అది 2021లో అమల్లోకొచ్చింది. కాలిఫోర్నియాలో లెక్క ఇంకోలా ఉంటుంది, ఒక్కో మనిషికి రోజుకి మూడున్నర గంటల సేవ అందాలంటారు. దేశమంతటికీ ఒకే లెక్క పెడదామని 2024లో తెచ్చిన రూలుని 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లో ఒక ఫెడరల్ కోర్టు కొట్టేసింది. అదే టెక్సాస్, గదిలో కెమెరా పెట్టుకునే హక్కుని 2001లోనే చట్టంలో రాసింది, పక్క మంచం వాళ్ళు మాత్రం ఒప్పుకోవాలి. ఒకే రాష్ట్రం, రెండు ముఖాలు!

నన్నడిగితే రాత్రి పద్నాలుగు మందికి ఒకరు చాలా తక్కువ. ఇద్దరు ఒకేసారి బాత్రూమ్‌కని బెల్లు కొడితే ఆ అమ్మాయి ఎటు పోతుంది? కానీ ఆ మాత్రం లెక్కయినా ఉంది కాబట్టి నిలదీయొచ్చు. ఆ రోజు డ్యూటీలో ఎంతమంది ఉన్నారో అందరికీ కనబడేలా అంటించాలి, చివరి తనిఖీ రిపోర్టు కూడా ఎవరూ అడగకుండానే చేతికందేలా ఉంచాలి. నేనడిగితే రిసెప్షన్‌లో ఆవిడ నా వంక వింతగా చూసి, ఓ ఫైలు దుమ్ము దులిపి ఇచ్చింది.

అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆరోగ్యం గురించి తనకి అర్థమయ్యే భాషలోనే చెప్పాలన్నది హక్కు, అది నేను రాసిచ్చాకే ఫోన్లో తెలుగు దుబాసీ దొరికాడు. తిండి సంగతి సగమే తేలింది. మతాన్ని, అలవాట్లని చూసి మెనూ వేయడానికి తగినంత ప్రయత్నం చేయాలని రూలుంది, ఆ ప్రయత్నం మా విషయంలో ఉడికించిన బీన్స్ దగ్గర ఆగిపోయింది. పప్పన్నం నేనే మోసుకెళ్ళాను.

ఆరో వారంలో అసలు టెన్షన్ మొదలైంది. "మెడికేర్ ఆగిపోతోంది, శుక్రవారానికి తీసుకెళ్ళిపోండి" అన్నారు. మెడికేర్ అంటే పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. అవి రెండు వేరు వేరు సంగతులు. మెడికేర్ ఆగితే దానికి అప్పీలు వేరే ఉంది, చాలా తొందరగా వేయాలి. హోమ్ ఖాళీ చేయించాలంటే మాత్రం, నెల దాటి ఉన్నవాళ్ళకి మామూలుగా 30 రోజుల ముందు కారణం రాసి నోటీసివ్వాలి, దాని మీదా అప్పీలుంటుంది. అన్ని రోజులకీ డబ్బు ఎవరు కడతారన్నది వేరే తలనొప్పి, అది లేదనను. నేను హోముల్లో ఉండేవాళ్ళ ఫిర్యాదులు చూసే ఆంబుడ్స్‌మన్ ఆఫీసుకి ఫోన్ చేశాను, ప్రతి రాష్ట్రంలోనూ ఉంటుంది, పైసా తీసుకోరు. ఆ పేరెత్తాక శుక్రవారం మాట మళ్ళీ రాలేదు. ఇంకో వారానికి మేమే, మెట్ల దగ్గర రెయిలింగ్ వేయించుకుని, ఇంటికి తెచ్చుకున్నాం.

ఇంకొకటి, అసిస్టెడ్ లివింగ్‌కి, అంటే పెద్దవాళ్ళు కొద్దిపాటి సాయంతో ఉండే ఇళ్ళకి, ఈ 1987 చట్టం వర్తించదు, అక్కడ ఏ రక్షణ ఉన్నా ప్రధానంగా రాష్ట్ర చట్టమే. మెరిసే లాబీ చూసి పొరబడకండి.

టీ వచ్చినట్టుంది. ఎవరి దగ్గరైనా అలాంటి కట్ట ఉంటే ఆ మూల బల్ల దగ్గరకి రండి, కూర్చుని చదువుదాం. పెన్ను మాత్రం తేకండి.