సెసిల్ పావెల్: గాజు పలక మీది గీతలు

సభకు నమస్కారం. 1955లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా వెలువడిన రస్సెల్-ఐన్‌స్టీన్ ప్రకటనపై సంతకం చేసిన బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త సెసిల్ ఫ్రాంక్ పావెల్, 1903లో కెంట్‌లోని టన్‌బ్రిడ్జ్‌లో ఒక తుపాకుల తయారీదారు ఇంట పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో రూథర్‌ఫర్డ్, విల్సన్‌ల వద్ద పరిశోధన ముగించి, 1928లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడే స్థిరపడ్డారు.

గురువు విల్సన్ కనిపెట్టిన మేఘ పేటిక, కణం వెళ్లిన దారిని సన్నని బిందువుల గీతగా చూపే పరికరం; అందులోని ఆవిరి వ్యాకోచించిన ఆ క్షణంలో వచ్చిన కణాలనే అది చూపగలదు. ఎమల్షన్, అంటే వెండి లవణాల రేణువులు కలిపిన జెలటిన్, పూసిన గాజు ఫొటో ప్లేటుకు ఆ ఇబ్బంది లేదు. కరెంటు అక్కరలేకుండా, కొండ మీద వారాల తరబడి ఉంచినా, తనలోంచి దూసుకుపోయిన ప్రతి కణం జాడనూ దాచుకుంటుంది. మన దేశంలో దేవేంద్ర మోహన్ బోస్, విభా చౌధురి డార్జిలింగ్ కొండల్లో మామూలు ప్లేట్లతోనే ఈ పద్ధతిలో చాలా దూరం వెళ్లారు; మేలురకం ఎమల్షన్ అందకపోవడం వారి దురదృష్టం.

కేంద్రకాన్ని పట్టి ఉంచే కణం ఒకటి ఉండాలని 1935లో జపాన్ శాస్త్రవేత్త యుకావా ఊహించారు. 1937 నాటికి అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల్లో దొరికిన కణం అదేనని చాలామంది అనుకున్నా, అది కేంద్రకాలను దాదాపు పట్టించుకోకుండా సాగిపోయేది. పావెల్ బృందంలోని ఒక్కియాలిని, ఫ్రాన్స్‌లోని పిక్ దు మిది శిఖరంపై ఉంచి తెచ్చిన ప్లేట్లు 1947లో ఆ చిక్కు విప్పాయి. సూక్ష్మదర్శిని కింద ఒక గీత కనిపిస్తుంది. కణం వేగం తగ్గేకొద్దీ వెండి గింజలు దట్టమై, గీత వంకరలు పోతుంది. అది ఆగిన చోటి నుంచే మరో గీత మొదలై, సుమారు 0.6 మిల్లీమీటర్లు సాగి ఆగుతుంది. ప్రతిసారీ దాదాపు అంతే పొడవు! మొదటిది యుకావా కణమైన పయాన్, రెండోది అది క్షయించగా పుట్టిన మ్యూయాన్; 1937 నాటికి దొరికిన కణం ఈ మ్యూయానే. తర్వాత అదే బృందంలోని లాట్టెస్ బొలీవియాలోని చకల్తాయా పర్వతానికి ప్లేట్లు మోసుకెళ్లి, అలాంటి జంట గీతలను మరెన్నో సేకరించారు.

1950లో నోబెల్ బహుమతి పావెల్ ఒక్కరికే వచ్చింది. లాట్టెస్, ఒక్కియాలిని పేర్లు కూడా ఉండవలసిందని నా అభిప్రాయం. అయితే, రోజంతా సూక్ష్మదర్శినిలో కళ్లు పెట్టి ఆ గీతలను వెతికిన యువతులను పావెల్ మరువలేదు. వారిలో మరియెట్టా కుర్జ్ అలాంటి జంట గీతను మొదట గుర్తించారు. పావెల్ భార్య ఇసోబెల్ కూడా ఆ పని చేశారు. బ్రిస్టల్ బృందం అచ్చువేసిన చిత్రాల కింద, ఆ గీతను చూసినవారెవరో పేరుతో సహా ఉండేది.