ఇల్లే ఇంటిపేరైన జాతి

అందరికీ నమస్కారం.

ముందుగా మీరంతా ఒక్కసారి కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళు విప్పండి. ఎన్ని? ఐదు. ఈ ఐదుని మలేషియాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళు బజారుకెళ్తే 'లిమ' అంటారు, ఎందుకంటే మలయ్ భాషలో ఐదు అంటే లిమ. ఫిలిప్పీన్స్‌లో తగలోగ్ మాట్లాడేవాళ్ళకీ లిమే. హవాయి దీవుల్లో లిమ అంటే మీరిప్పుడు ఎత్తిన చెయ్యి. ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్‌లో ఐదుని 'దిమి' అంటారు. ఫిలిప్పీన్స్ ఉత్తర భాగంలోని లుజాన్ దీవి కొండల మీద 'దిమా' అంటారు. ఆ దిమా అనేవాళ్ళ గురించే ఇవాళ నా మాటలు. వాళ్ళు ఇబలోయ్‌లు. ఇక చేతులు దించండి.

దిమి, దిమా ఇంత దగ్గరగా వినిపించాయి కదా అని మడగాస్కర్ వాళ్ళూ ఇబలోయ్‌లూ అక్కచెల్లెళ్ళ బిడ్డలనుకోకండి. వీటన్నిటికీ మూలమైన పాత మాటలోని 'ల'ని ఎవరికి వాళ్ళు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే 'ద' చేసుకున్నారు. మలయ్‌లో రెండుని 'దువ' అంటారు. వినగానే మనకి సంస్కృతం 'ద్వి' గుర్తొస్తుంది. అదీ కాకతాళీయమే. ఒక్క మాట కలిసిందని చుట్టరికం కలిపేస్తే భాషాశాస్త్రం ఒప్పుకోదు. మాట తర్వాత మాటలో ధ్వనుల మార్పు ఒక పద్ధతి ప్రకారం నడిచిందా అని చూస్తుంది. అలా చూసి తేల్చినదే ఆస్ట్రోనేషియన్ కుటుంబం. పన్నెండు వందలకు పైగా భాషలు. పడమట మడగాస్కర్, తూర్పున ఈస్టర్ దీవి. ఈ కుటుంబం పుట్టిల్లు తైవాన్ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట అక్కడినుంచి పడవల మీద దక్షిణానికి దిగి ఫిలిప్పీన్స్ చేరినవాళ్ళ సంతతే ఆ తర్వాత సముద్రమంతా పరుచుకుంది.

ఇబలోయ్‌ల ఊళ్ళు బెంగెట్ రాష్ట్రం దక్షిణ భాగంలో ఉన్నాయి: కబాయన్, బొకోద్, ఇతోగాన్, తూబా, ఇంకా బగియో నగరం. లుజాన్‌లోకెల్లా ఎత్తైన పులాగ్ కొండ అక్కడే ఉంది. ఎత్తు 2,900 మీటర్ల పైమాటే. చనిపోయిన పెద్దల ఆత్మలు ఆ శిఖరం మీద ఉంటాయని ఇబలోయ్‌ల నమ్మకం. కబాయన్ గుహల్లో ఆ పెద్దల దేహాలు ఇప్పటికీ ఉన్నాయి. మోకాళ్ళు ముడిచి కూర్చోబెట్టి, సన్నటి మంట పొగలో నెలల తరబడి ఆరబెట్టి, పైన్ మానుని తొలిచిన పెట్టెల్లో పెట్టేవాళ్ళు. పక్కింటి తాతయ్యని ఎంత జాగ్రత్తగా సాగనంపుతామో అంత జాగ్రత్త కనిపిస్తుంది ఆ పనిలో.

ఆ పేరు గురించి చెప్తాను. ముందున్న 'ఇ'కి ఆ చోటికి చెందినవాళ్ళు అని అర్థం. 'బలోయ్' అంటే ఇల్లు. మన ఇళ్ళల్లో మనిషికి ఇంటిపేరు ఉంటుంది, వీళ్ళకి జాతి మొత్తానికీ ఇల్లే ఇంటిపేరు. ఈ ఇల్లు అనే మాట కూడా చిన్న ప్రయాణం చెయ్యలేదు. లుజాన్‌లోనే మరో భాష ఇలొకానోలో 'బలాయ్', తగలోగ్‌లో 'బహాయ్', మలయ్‌లో నలుగురూ కూడే మండపం 'బలై'. సమోవా చేరేసరికి 'ఫలె', హవాయి చేరేసరికి 'హలె'. పడవెక్కినవాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళారు గానీ ఇల్లన్న మాటని వెంట తీసుకెళ్ళారు.

ఈ భాషల్లో పదాన్ని మార్చే తీరు మనకి కొత్తగా ఉంటుంది. మనం రైలుకి బోగీలు తగిలించినట్టు పదం చివర ప్రత్యయాలు చేరుస్తాం: చెట్టు, చెట్టుకి, చెట్లకి. వాళ్ళు పదం మధ్యలోకే చొప్పిస్తారు. తగలోగ్‌లో 'సులత్' అంటే రాత. మధ్యలో 'ఉమ్' చొప్పిస్తే 'సుములత్', రాసినవాడి మీద చూపు. 'ఇన్' చొప్పిస్తే 'సినులత్', రాసినదాని మీద చూపు. ఇబలోయ్ మనిషి తన భాషని 'ఇనిబలోయ్' అంటాడు. చూశారా, అందులోనూ ఆ 'ఇన్' ఉంది.

ఇక మనకి ఇట్టే అర్థమయ్యే సంగతి. ఇంటికొచ్చిన చుట్టంతో "మనం వెళ్దాం" అంటే ఆయనా వస్తున్నట్టు. "మేం వెళ్తాం" అంటే ఆయన్ని వదిలేసి వెళ్తున్నట్టు. నాలుగేళ్ళ తెలుగు పిల్ల కూడా ఇక్కడ తప్పు చెయ్యదు. ఇంగ్లీషులో, హిందీలో ఈ తేడా లేదు. మలయ్‌లో ఉంది: మనం 'కిత', మేం 'కమి'. లుజాన్‌లోనే ఉన్న పంగసినాన్ భాషలో మనం 'సికతయో', మేం 'సికమి'. ఇబలోయ్‌లోనూ ఈ రెండూ వేరే. ఇంతమాత్రాన మనకీ వాళ్ళకీ చుట్టరికం ఉందని కాదు. అయినా నన్నడిగితే, ఇబలోయ్ నేర్చుకునే తెలుగువాడికి ఇంగ్లీషువాడి కన్నా ఒక మెట్టు ముందే దొరుకుతుంది.

పంగసినాన్ అన్నాను కాబట్టి ఒక విడ్డూరం చెప్పాలి. కొండ మీద ఇబలోయ్‌ల పక్కనే కంకనాయ్ జాతి ఉంది. బతుకు తీరు, పండగలు, వియ్యాలు, అన్నీ కలిసినవే. దక్షిణాన కొండ దిగితే మైదానంలో పంగసినాన్‌లు. వేషం వేరు, బతుకు వేరు. కానీ ఒకటికి ఇబలోయ్ 'సకెయ్' అంటే, పంగసినాన్ కూడా 'సకెయ్' అంటుంది. ఇలొకానోలో అది 'మయ్‌స'. భాష చుట్టరికం చూస్తే ఇబలోయ్‌కి దగ్గరి బంధువు మైదానంలో ఉంది. ఒంటి మీద బట్ట చూసి ఎవరెవరికి ఏమవుతారో తేల్చలేమని నాకు నేర్పింది ఈ 'సకెయ్' అనే మాటే.

ఇప్పుడు బాధ కలిగించే విషయానికొస్తాను. బగియో ఉన్న చోట ఇబలోయ్‌ల పశువులు మేసేవి. ఆ చోటుని వాళ్ళు కఫగ్వాయ్ అనేవారు. స్పెయిన్ తర్వాత ఫిలిప్పీన్స్‌ని ఏలిన అమెరికన్లు వచ్చి ఆ చల్లని కొండ మీద వేసవి రాజధాని కట్టుకున్నారు. మతేయో కరిన్యో అనే ఇబలోయ్ పెద్దమనిషి 146 హెక్టార్లు తనవని కోర్టుకెళ్ళాడు. పట్టా లేదు. ఆయన తాత పశువుల కోసం కంచె వేసిన నేల, తండ్రి సాగు చేసిన నేల, అదే ఆయన చూపించిన ఆధారం. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1909 ఫిబ్రవరి 23న జస్టిస్ హోమ్స్ తీర్పు చెప్పాడు: జ్ఞాపకం అందినంత వెనక్కి సొంతదారులుగా అనుభవిస్తున్న నేలని స్పెయిన్ రాకముందు నుంచీ అలాగే ఉన్నదిగా ఎంచాలి, అది ఎన్నడూ సర్కారు భూమి కాదు. 1997లో ఫిలిప్పీన్స్ చేసిన ఆదివాసీ హక్కుల చట్టానికి పునాది ఈ తీర్పే. కానీ ఆ నేల మాత్రం కరిన్యో కుటుంబం చేతికి తిరిగి రాలేదు. అక్కడ అప్పటికే అమెరికన్ సైనిక విడిది వెలిసింది.

నేల తర్వాత మాట వంతు. బగియో బజారులో ఇవాళ నడిచేది ఇలొకానో. ఇబలోయ్ మాట్లాడేవాళ్ళు లక్షకు పైనే ఉన్నారంటే ధైర్యంగా అనిపిస్తుంది, కానీ సొంత నగరంలోనే వాళ్ళ పిల్లలు ఆ మాటకి దూరమవుతున్నారు. చిన్న తరగతులు అమ్మభాషలో చెప్పాలని ఫిలిప్పీన్స్ పెట్టుకున్న పథకానికి ఎంచుకున్న భాషలు 19. పంగసినాన్ ఉంది, ఇలొకానో ఉంది, ఇబలోయ్ లేదు. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త చట్టంతో ఆ పథకం తప్పనిసరి కాకుండా పోయింది. భాష బడిలోకి రాకపోతే ఎక్కడ బతకాలి? ఇబలోయ్‌లకి 'బాదివ్' అనే పాట ఉంది. పండగలోనూ చావింట్లోనూ ఒక పెద్ద అప్పటికప్పుడు మాట కట్టి అందుకుంటే, మిగిలినవాళ్ళు వంత పాడతారు. రాసిపెట్టుకున్న పాట కాదది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి, ఆ రోజుని చూసి కట్టేది. వంత పాడేవాళ్ళకి మాట అర్థం కాని రోజున అందుకునేవాళ్ళు ఎవరికోసం అందుకోవాలి?

ఏటా ఫిబ్రవరి 21న మనం మాతృభాషా దినోత్సవం చేసుకుంటాం. సరిగ్గా రెండు రోజులకి, 23న, బగియోలో ఇబలోయ్ దినోత్సవం. కరిన్యో తీర్పు వచ్చిన రోజునే వాళ్ళు తమ రోజుగా ఎంచుకున్నారు.

మన ఊళ్ళ నుంచి మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్ వెళ్ళే పిల్లలు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో అలాంటి పిల్లలుంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక మాట చెప్పండి. సెలవులకి బగియో వెళ్తే చలిలో ఫొటోలు దిగి వచ్చెయ్యొద్దని, ఇబలోయ్ పెద్దవాళ్ళెవరైనా కనిపిస్తే ఒకటి నుంచి పది దాకా లెక్క చెప్పించుకుని రమ్మని.

సెలవు.