ఇన్‌హేలర్ ఆఖరి మందు కాదు

అందరికీ నమస్కారం.

జూన్‌లో మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి వెళ్తే, ఆస్తమా తగ్గుతుందని నమ్మి, బత్తిని కుటుంబం ఉచితంగా ఇచ్చే చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం కనిపిస్తారు. బతికున్న కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. దానివల్ల ఆస్తమా తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అయినా ఆ క్యూలో నిలబడ్డవాళ్లను నేను తప్పుపట్టను. అర్ధరాత్రి లేచి కూర్చుని, ఊపిరి ఆడక కిటికీ దగ్గరికి పరిగెత్తినవాళ్లకే ఆ ఆరాటం తెలుస్తుంది. నా బాధల్లా ఒక్కటే. ప్రసాదం తీసుకున్నాం కదా అని కొందరు ఇన్‌హేలర్ మానేస్తారు.

ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లే గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్మో, పొగో, చలిగాలో, జలుబో తగిలితే గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల కఫం చేరుతుంది. దారి సన్నబడి పిల్లికూతలు వినిపిస్తాయి. కొందరికి అవి కూడా ఉండవు, తెల్లవారుజామున ఎంతకీ వదలని దగ్గు మాత్రమే ఉంటుంది. ఆయాసం లేని రోజు కూడా లోపల వాపు ఉండొచ్చు. ఈ సంగతి గుర్తుంటే మందుల గురించి అర్థం చేసుకోవడం తేలిక.

ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. కానీ వాపు జోలికి పోదు. వాపు తగ్గించేవి బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు. వాటి పని నెమ్మది. అందుకే మొదటిది మళ్లీ మళ్లీ కొనుక్కుంటారు, రెండోదాన్ని "ఏం తేడా తెలియట్లేదు" అని మూలన పడేస్తారు. జినా అనే అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి, పన్నెండేళ్లు దాటినవారెవరూ సాల్బుటమాల్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దని చెబుతున్నాయి. బుడెసొనైడ్, గొట్టాలను ఎక్కువసేపు వదులుగా ఉంచే ఫార్మోటెరాల్ రెండూ కలిసిన ఇన్‌హేలర్ చాలామందికి సరిపోతుంది. ఏది, ఎంత అన్నది మీ డాక్టరు తేలుస్తారు.

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది డాక్టర్ గారూ, ముందు మాత్రలు రాయండి, అది ఆఖరికి చూద్దాం." ఈ మాట వినని ఊపిరితిత్తుల డాక్టరు ఉండరు. ఒక లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్‌లో ఒక పఫ్, అంటే ఒకసారి నొక్కితే వచ్చే మందు, 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్రలో 40 పఫ్‌ల మందు ఉంటుంది. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టే చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది. ఇన్‌హేలర్ చిన్న మోతాదును నేరుగా ఊపిరితిత్తులకు చేరుస్తుంది. పెళ్లి సంబంధం చెడిపోతుందని ఆడపిల్లల చేత ఇన్‌హేలర్ దాచిపెట్టించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి.

వాడే పద్ధతి కూడా ముఖ్యమే. ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, అంటే స్పేసర్ లేకుండా కొడితే మందులో చాలా భాగం గొంతులోనే ఆగిపోతుంది. బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, ఒక పఫ్ నొక్కి, స్పేసర్ లోంచి నెమ్మదిగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. స్టెరాయిడ్ వాడాక నోరు పుక్కిలించాలి.

ఇక ఇంటి సంగతి. దోమల కాయిల్, అగరబత్తి, పోపు ఘాటు, బొద్దింకలు, పరుపుల్లో దుమ్ము పురుగులు ఆస్తమాను రెచ్చగొడతాయి. పొడి చీపురు కన్నా తడిగుడ్డ మేలు. దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. మిర్చి యార్డులో, జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ప్రాణాయామం చేస్తే కొందరికి టెన్షన్ తగ్గుతుంది, ఊపిరి మీద పట్టు వస్తుంది. చేయండి, కానీ మందులు వాడుతూనే. పెరుగు, అరటిపండు పిల్లలకు మాన్పించడం మనకు అలవాటు. వాటివల్ల అలర్జీ ఉందని తేలితే తప్ప అవసరం లేదు. ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు, బీపీకి, గుండెదడకు ఇచ్చే ప్రొప్రనొలాల్, కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కొందరికి ఆయాసం తెస్తాయి. పేరు రాయని పొట్లాల మందులు వద్దు. అలాంటివాటిలో చెప్పకుండా స్టెరాయిడ్ కలిపిన సందర్భాలున్నాయి.

ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, పఫ్‌లు వేసినా తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. అంబులెన్సు వచ్చేలోగా స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కో పఫ్ చొప్పున నాలుగు నుంచి పది దాకా ఇవ్వొచ్చు. ఇరవై నిమిషాలకు మళ్లీ ఇవ్వొచ్చు. కాస్త తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత ఆయాసం మళ్లీ తిరగబెట్టవచ్చు.