కెమెరాలో కనబడని గోడ

శ్రోతలకు నమస్కారం.

ఎనిమిది నెలలు మా అమ్మను రోజూ వీడియో కాల్‌లో చూశాను. రోజూ అదే కుర్చీ, అదే నవ్వు. "బాగానే ఉన్నాను నాన్నా, నువ్వేం టెన్షన్ పెట్టుకోకు" అనేది. నేనూ నమ్మాను. తర్వాత సెలవు దొరికి ఇంటికి వెళ్లాను. తలుపు తీసి లోపలికి నడిచేటప్పుడు అమ్మ గోడ పట్టుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది. మోకాళ్ల నొప్పి మొదలై అప్పటికే అయిదు నెలలైందట.

అమ్మ అబద్ధం చెప్పిందని నేను అనుకోను. కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆమె బాగానే ఉంది మరి. నాకు కనబడింది ఆ కుర్చీ వరకే. ఆ గోడ ఏ రోజూ కెమెరాలోకి రాలేదు.

ఇప్పుడు నేను మీతో మాట్లాడుతున్నదీ దూరం నుంచే కాబట్టి దూరాన్ని దాటించే సాధనాలంటే నాకు గౌరవమే. 2001 సెప్టెంబర్ 7న ఫ్రెంచ్ సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న పేషెంట్‌కు రోబో చేతులతో పిత్తాశయం తీసేశారు. మధ్యలో అట్లాంటిక్ మహాసముద్రం ఉంది! అయితే ఆ రోజు కూడా పేషెంట్ పక్కన డాక్టర్లు నిలబడే ఉన్నారు. ఏదైనా తేడా వస్తే అందుకోవడానికి దగ్గర్లో చేతులు ఉండాలని వాళ్లకు తెలుసు.

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగిసి ఇంకొకరి మాట మొదలవడానికి పట్టే సమయం ఎంతో గమనించారా? పది భాషల మీద చేసి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో అది సగటున సెకనులో అయిదో వంతు అని తేలింది. ఊపిరి తీసుకోవడం, పెదవి కదపడం, కనుబొమ్మ ఎత్తడం చూసి అవతలి వాళ్లు మాట్లాడబోతున్నారని మనం ముందే పసిగడతాం. వీడియో కాల్‌లో ఆ చిన్న సందులోకి నెట్‌వర్క్ ఆలస్యం వచ్చి చేరుతుంది. ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఒకేసారి ఆగుతాం. "మీరు చెప్పండి", "లేదు లేదు, ముందు మీరే చెప్పండి". పైగా ఎదుటివాళ్ల కళ్లలోకి చూద్దామంటే కెమెరా ఉండేది తెర పైన. తెర మీది కళ్లను చూస్తే, మనం కిందకు చూస్తున్నట్టు వాళ్లకు కనబడుతుంది. గంట మీటింగ్ అయ్యాక ఒళ్లు అలిసిపోవడానికి ఇవి కూడా కారణమే.

పసిపిల్లల సంగతి నాకు ఇంకా ఆశ్చర్యంగా అనిపిస్తుంది. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనాలో మాట్లాడే మాండరిన్ భాష వినిపించింది. కొందరి ఎదుట ఆ భాష మాట్లాడేవాళ్లు కూర్చుని పుస్తకాలు చదివారు, బొమ్మలతో ఆడించారు. మరికొందరికి అవే మాటలు వీడియోలో చూపించారు. మనుషుల దగ్గర విన్న పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టుకున్నారు. వీడియో చూసిన పిల్లలకు ఏమీ అబ్బలేదు. 2003లో వచ్చిన ఫలితాలివి. అలాగని, మనవరాలితో తాతయ్య మాట్లాడే వీడియో కాల్ దండగ అనుకోకండి. రెండేళ్లు దాటిన పిల్లలు వీడియో కాల్‌లో కొత్త మాటలు నేర్చుకోగలరని 2014లో మరో అధ్యయనం చూపించింది. తాను నవ్వితే నవ్వే మనిషి, తాను వేలు చూపిస్తే అటు చూసే మనిషి పిల్లకు కావాలి. రికార్డింగ్‌కు అది చేతకాదు.

ఆఫీసు పనుల విషయంలో మాత్రం నాకు పెద్ద పట్టింపు లేదు. లెక్కలు చూసుకోవడానికి, తేదీ ఖాయం చేసుకోవడానికి ఎవరూ రైలెక్కి రానక్కర్లేదు. కష్టంలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లడం వేరు. 2006లో జేమ్స్ కోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పదహారు మంది వివాహిత స్త్రీలకు చిన్న కరెంట్ షాక్ తగలొచ్చని చెప్పి, ఆ సమయంలో వాళ్ల మెదడును స్కాన్ చేశారు. భర్త చెయ్యి పట్టుకుని ఉన్నప్పుడు మెదడులో భయానికి సంబంధించిన స్పందన తగ్గింది. అక్కడ ఓదార్పు మాటలేమీ లేవు, ఒక చెయ్యి ఉంది, అంతే.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎన్నో ఆసుపత్రుల్లో నర్సులు ఒక చేత్తో ట్యాబ్ పట్టుకుని, రెండో చేత్తో రోగి చెయ్యి పట్టుకున్నారు. తెరలో కన్నబిడ్డలు చివరి మాటలు చెప్పుకున్నారు. ఆ ట్యాబ్ లేకపోతే అదీ దక్కేది కాదు. కానీ రెండో చెయ్యి ఎందుకు అవసరమైందో ఆ నర్సులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అమ్మకు ఇప్పుడు వైద్యం జరుగుతోంది. దూరంగా ఉన్నప్పుడు, "ఫోన్ ఆ బల్ల మీద పెట్టి, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చుకో అమ్మా" అంటాను. ఆమె నడక అలా చూస్తాను. మూడు నెలలకోసారి మాత్రం తప్పకుండా వెళ్తున్నాను. మొన్న వెళ్లినప్పుడు ఒక సాయంత్రం అమ్మ బట్టలు మడతపెడుతోంది, నేను పక్కన కూర్చున్నాను. గంటసేపు ఇద్దరం దాదాపు ఏమీ మాట్లాడుకోలేదు. ఫోన్‌లో అయితే అంత మౌనానికి చోటుండదు. అర నిమిషం కాకుండానే "ఇంకేంటి" అనేవాళ్లం, "సరే, ఉంటాను" అని పెట్టేసేవాళ్లం.