ఏఎం స్వరానికి బ్యాండ్‌లో చోటు

సభలోని హ్యామ్ మిత్రులకు, అంటే ఔత్సాహిక రేడియో ఆపరేటర్లకు, రేడియో మీద ఆసక్తితో వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

హెచ్.ఎఫ్. (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న షార్ట్‌వేవ్) బ్యాండ్లలో ఏఎం (యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్) స్వరానికి ఎంత చోటివ్వాలి, ఆ చోటును ఎవరు నిర్ణయించాలి అన్న వాదం ఔత్సాహిక రేడియో లోకంలో దశాబ్దాలుగా నడుస్తోంది. అమెరికాలో ఇది బాగా వేడెక్కింది కనుక నా మాటల్లో ఎక్కువ భాగం అక్కడి అనుభవం గురించే ఉంటుంది.

తగవంతా వెడల్పు దగ్గర మొదలవుతుంది. 3 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న మాటను ఏఎంలో పంపితే క్యారియర్ అనే వాహక తరంగానికి రెండు పక్కలా మాటను మోసే రెండు సైడ్‌బ్యాండ్లు ఏర్పడి మొత్తం 6 కిలోహెర్ట్జ్ ఆక్రమిస్తాయి. అదే మాట, ఒక పక్క సైడ్‌బ్యాండ్‌ను మాత్రమే పంపే సింగిల్ సైడ్‌బ్యాండ్ విధానంలో, అందులో సగంలోనే ఇమిడిపోతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న ధ్వనితో క్యారియర్‌ను నిండుగా (నూరు శాతం) మాడ్యులేట్ చేసినా ప్రసార శక్తిలో మూడింట రెండు వంతులు, మాటను మోయని క్యారియర్‌కే పోతుంది. పక్కపక్కన రెండు క్యారియర్లు పడితే వాటి మధ్య ఉన్న తేడా రిసీవర్‌లో ఈలై వినిపిస్తుంది. 1950లలో సింగిల్ సైడ్‌బ్యాండ్ అంత త్వరగా వ్యాపించడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఏఎం నిలిచింది. రిసీవర్ ట్యూనింగ్ కాస్త అటూఇటూ అయినా గొంతు స్వభావం చెడదు, ఒక డయోడ్‌తో మాటను వెలికి తీయవచ్చు, వాల్వులతో ట్రాన్స్‌మిటర్‌ను స్వయంగా కట్టి అందులోని ప్రతి దశనూ అర్థం చేసుకోవచ్చు. నేర్చుకోవడానికి ఏర్పడిన ఈ సర్వీసులో ఆ చివరి కారణం ఒక్కటే నాకు చాలు.

అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1976లో, 20777 నంబరు డాకెట్ (విచారణ ఫైలు) కింద, ప్రసార విధానాన్ని బట్టి కాక బ్యాండ్‌విడ్త్‌ను, అంటే ప్రసారం ఆక్రమించే వెడల్పును, బట్టి నియమాలు పెట్టాలని ప్రతిపాదించింది. అది అమలైతే హెచ్.ఎఫ్. బ్యాండ్లలో అధిక భాగంలో ఏఎంకు చోటు లేకుండా పోయేది. చివరకు అది చట్టం కాలేదు. 2003లో ఇద్దరు హ్యాములు సింగిల్ సైడ్‌బ్యాండ్‌కు 2.8, ఏఎంకు 5.6 కిలోహెర్ట్జ్ పరిమితి కోరుతూ పిటిషన్ వేస్తే దాన్నీ ఎఫ్‌సీసీ అంగీకరించలేదు. 2005లో అక్కడి జాతీయ సంఘమైన ఏఆర్ఆర్ఎల్ మళ్లీ బ్యాండ్‌విడ్త్ నియమాలు కోరింది. ఏఎంకు 9 కిలోహెర్ట్జ్ దాకా మినహాయింపు ఇస్తామన్నా ఏఎం అభిమానుల అనుమానం తీరలేదు, ఎందుకంటే మినహాయింపుగా బతికేదాన్ని తర్వాత ఒక్క సవరణతో తీసేయవచ్చు. ఆ భయం సహేతుకమైనదని నా అభిప్రాయం. పిటిషన్‌ను 2007లో వెనక్కి తీసుకున్నారు.

చట్టంలో అంకె లేకపోయినా వాడుకలో అంకెలు ఏర్పడ్డాయి. అమెరికాలో ఏఎం వినదలచినవారు 3.885, 7.290, 14.286 మెగాహెర్ట్జ్‌ల దగ్గర, 10 మీటర్ల బ్యాండులో (బ్యాండ్లను తరంగదైర్ఘ్యంతోనూ పిలుస్తారు) 29.0 నుంచి 29.2 వరకు వెతుకుతారు. ఇవి కలుసుకునే చోట్లు మాత్రమే, ఎవరి సొత్తూ కావు. ఏ ఫ్రీక్వెన్సీనీ ఏ స్టేషన్‌కూ ప్రత్యేకంగా కేటాయించబోమని అక్కడి నియమాలే చెబుతున్నాయి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కొందరు సైడ్‌బ్యాండ్ ఆపరేటర్లు వీటిని ఏఎం దాటకూడని గీతలుగా చదివారు, కొందరు ఏఎం ఆపరేటర్లు తమ హక్కు భూములుగా చదివారు. రెండూ తప్పే. యూరప్, ఆఫ్రికాలున్న ఒకటో రీజియన్‌లో ఐఏఆర్‌యూ (అంతర్జాతీయ ఔత్సాహిక రేడియో సంఘం) 2005 దావోస్ సమావేశంలో చేర్చుకున్న మాట నాకు వీటన్నిటికంటే నచ్చుతుంది. పక్క ఛానెళ్లలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుంటే టెలిఫోనీ (మాటలకు కేటాయించిన) భాగాల్లో ఏఎం వాడుకోవచ్చని అది చెబుతుంది. ఏఎంను ఒక మూలకు నెట్టకుండా బాధ్యతను ఆపరేటర్ మీద పెట్టిన వాక్యం అది.

ఈ చర్చల్లో గడియారానికి దక్కవలసినంత చోటు దక్కలేదు. పగలు అయనోవరణంలోని డి పొర 80 మీటర్ల (3.5 మెగాహెర్ట్జ్ పరిసరాల) తరంగాలను పీల్చేస్తుంది కాబట్టి మధ్యాహ్నం ఆ బ్యాండు సమీప ప్రాంతాలకే పరిమితమై చాలావరకు ఖాళీగా ఉంటుంది. అప్పుడు 6 కిలోహెర్ట్జ్ వాడినా నష్టపోయేవారు బహు తక్కువ. పోటీలు జరిగే వారాంతపు రాత్రి అదే వెడల్పు రెండు సైడ్‌బ్యాండ్ సంభాషణల చోటును మింగేస్తుంది. ఫ్రీక్వెన్సీ హద్దులను మాత్రమే గీసే ప్లాను ఈ తేడాను పట్టుకోలేదు.

మన దేశానికి వస్తే అమెరికా అంకెలను అలాగే దించుకోలేము. మనకు 80 మీటర్లలో 3.500 నుంచి 3.700 వరకు, ఆపైన 3.890 నుంచి 3.900 వరకు మాత్రమే అనుమతి ఉంది గనుక 3.885 మన పరిధిలోకి రాదు. 40 మీటర్లలో మన హద్దు 7.200, 7.290 ఇక్కడ బ్రాడ్‌కాస్టింగ్‌కు చెందిన చోటు. అక్కడ ప్రసారం చేయడం లైసెన్సు ఉల్లంఘన అవుతుందని, అంతర్జాలంలో దొరికే పట్టికలు చూసి సెట్ తిప్పే కొత్తవారికి పెద్దలు ముందే చెప్పాలి. 10 మీటర్లలో మాత్రం 28 నుంచి 29.7 దాకా విశాలమైన చోటుంది. అందుచేత ఏఎం నేర్చుకోదలచిన మన యువ హ్యాములు 29.0కు పైన మొదలుపెట్టాలని, 40 మీటర్లలో చేయాలనుకుంటే పగటి వేళ, నెట్‌లు (నిర్ణీత వేళకు జరిగే సామూహిక సంభాషణలు) లేని సమయంలో, ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో అడిగి, మైక్ ఆడియోను 3 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించి చేయాలని నా ప్రతిపాదన. దీన్ని చట్టంగా రాయించమని ఎవరినీ కోరవద్దు. ముందుగా మన క్లబ్బుల మధ్య మాట్లాడుకుని, కొంతకాలం పాటించి, ఎవరికి ఇబ్బంది కలిగిందో విని, ఆ తర్వాతే అంకెలను సవరించుకుందాం.